ఔషధమును వంశమును

ఒకే సీసాలోని మందును ఒకే కొలతతో పదుగురి కిచ్చినచో తొమ్మండుగురికి రోగము కుదిరి, పదియవవానికి ప్రాణముమీదికి వచ్చుట వైద్యులెల్లరు నెఱిగిన సంగతియే. ఇట్లు జరిగినపుడు మనవారు చెప్పు కారణములు మూడు. వైద్యుని హస్తవాసి మంచిది కాదనుట యొకటి. మందు కల్తీదనుట రెండవది. వాని నుదుట అట్లు వ్రాసియున్నదనుట మూడవది. మొదటి రెండును అప్పుడప్పుడు నిజములే కావచ్చును. మూడవదానిని గుఱించియే మేమీ వ్యాసమున ముచ్చటింపదలచితిమి. ఏలయన, గడచిన నూఱేండ్ల పైచిలుకు కాలములో శాస్త్రజ్ఞులు ఆ వ్రాతలోని కొన్ని పంక్తులను నిజముగనే చదివియున్నారు. అది తల్లిదండ్రుల చేతివ్రాత, నెత్తురులో నున్నది.

మన పూర్వవైద్యులును ఈ భేదమును గమనింపకపోలేదు. మందు నిర్ణయించుటకు ముందు రోగియొక్క దేశమును, ప్రకృతిని, సాత్మ్యమును, బలమును పరీక్షింపవలెనని చరకసంహిత మఱల మఱల చెప్పుచున్నది. యుక్తి యెఱిగి వాడినచో విషమును మందగుననియు, ఎఱుగక వాడినచో మందును విషమగుననియు నా గ్రంథమున గలదు. దీనిని చూపి, జన్యుశాస్త్రమంతయు మన తాళపత్రములలోనే యుండెనని వాదించు మిత్రులు మాకు గలరు. వారితో మే మేకీభవింపజాలము. మనుష్యులలో భేదము కలదని చూచుట వేఱు. ఆ భేదము శరీరములో నే పదార్థమునం దున్నదో, అది తండ్రినుండి వచ్చినదో తల్లినుండి వచ్చినదో కనిపెట్టుట వేఱు. మొదటి పని చేసిన పెద్దలకు నమస్కరింతుము. రెండవ పనికి తూనికలును, కొలతలును, ఒక వంశమువారి నందఱిని పిలిపించి పరీక్షించు నోపికయు కావలసివచ్చెను.

ఆ కథ లండనులో పసిపిల్లల గుడ్డలమీది మఱకలతో ప్రారంభమగుచున్నది. ఆర్చిబాల్డ్ గారడ్ అను వైద్యుడు అచట నొక వింత వ్యాధిని పరిశీలించుచుండెను. ఈ వ్యాధిగల శిశువు మూత్రము గాలి తగిలిన కొంతసేపటికి నల్లబడి గుడ్డలకు మఱకలు వేయును. పేగులలోని సూక్ష్మజీవులే దీనికి కారణమని అప్పటి వైద్యులు కొందఱు తలచిరి. గారడ్ రోగిని చూచి యూరకుండక రోగి యింటిని గూడ చూచెను. తల్లిదండ్రులకు వ్యాధి లేదు; బిడ్డలలో నిద్దఱు ముగ్గురికి గలదు; ఆ తల్లిదండ్రులు పలుచోట్ల ఒక తాతకు మనుమడును మనుమరాలును నగుదురు. ఈ సంగతి విలియం బేట్సన్ అను జీవశాస్త్రజ్ఞుని చెవిని బడగా, మెండెల్ బఠాణీమొక్కలలో కనిపెట్టిన సూత్రమునకు ఇది సరిపోవుచున్నదని యాతడు గ్రహించెను. ప్రతి లక్షణమునకును మనకు తండ్రినుండి యొకటియు తల్లినుండి యొకటియు రెండు ప్రతులు వచ్చును. ఒక ప్రతి చెడినను రెండవది పని నడుపును. రెండును చెడినవాడే రోగి. తాత యొద్ద నున్న చెడిన ప్రతి యొక్కటియే కొడుకు ద్వారమునను కూతురి ద్వారమునను దిగివచ్చి, మేనరికపు పెండ్లిలో మఱల కలిసికొనుట యెంత సులభమో మన యిండ్లవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

1902వ సంవత్సరమున గారడ్ ప్రకటించిన వ్యాసములో ఇంకొక మాట గలదు. ఇద్దఱి ముఖములు ఒక్కరీతి నుండనట్లే, వారి దేహములలోని రసాయన వ్యాపారములును ఒక్కరీతి నుండవనియు, కొందఱికి కొన్ని మందులు పడకపోవుట యిట్టి భేదమే కావచ్చుననియు నాతడు సూచించెను. ఆ సూచనను ఏబదియేండ్లవఱకు పట్టించుకొన్నవారు మిక్కిలి తక్కువ.

పట్టించుకొనక తప్పని స్థితిని తెచ్చినది మలేరియా. క్వినైనునకు లొంగక దేహములో దాగి మఱల మఱల తిరుగబెట్టు మలేరియాకు 1926లో జర్మనీనుండి ప్లాస్మోక్విన్ అను మందు వెలువడెను. దానిని పుచ్చుకొన్నవారిలో కొందఱికి కన్నులు పచ్చబడి, మూత్రము నల్లబడి, నెత్తుటిలోని ఎఱ్ఱకణములు చితికిపోవుచుండెను. అందఱికిని గాదు, కొందఱికే. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికావారు దీనికంటె మేలైన మందును వెదకుటకు ఇల్లినాయి రాష్ట్రములోని స్టేట్‌విల్ చెఱసాలలోని ఖైదీలకు మలేరియాను పనిగట్టుకొని యెక్కించి, ఆల్ఫ్ ఆల్వింగ్ మొదలగు చికాగో విశ్వవిద్యాలయ వైద్యుల పర్యవేక్షణమున మందులు పరీక్షించిరి. ఖైదీలు తమ యిష్టముననే యొప్పుకొన్నారని వారు చెప్పిరి. ఇనుపకటకటాల వెనుక నున్నవాని యిష్టమెంతటిదో చదువరులే యూహింపగలరు. యుద్ధానంతరము నూరెంబర్గులో జర్మను వైద్యులపై విచారణ జరిగినపుడు, మీరును ఖైదీలమీద ప్రయోగములు చేసితిరి గదా యని ముద్దాయిల పక్షమువారు ఈ చెఱసాలనే యెత్తిచూపిరి. స్టేట్‌విల్ ప్రయోగములు 1974 వఱకు ఆగలేదు. ఇచట దొరకిన జ్ఞానమును మనము నేడు వాడుకొనుచున్నాము. అది యెవరి దేహములనుండి వచ్చినదో మఱచుట న్యాయము గాదు.

ఆ జ్ఞాన మెట్టిదనగా: ప్రైమాక్విన్ అను క్రొత్త మందు పుచ్చుకొన్న ఆఫ్రికా సంతతి ఖైదీలలో నూటికి సుమారు పదిమందికి ఎఱ్ఱకణములు చితికిపోయెను. దోషము కణములోనిదా, కణమును మోయు దేహములోనిదా? ఈ ప్రశ్నకు 1954లో వారు చూపిన తెలివి మెచ్చదగినది. మందు పడనివాని నెత్తుటికణములకు రేడియోధార్మిక క్రోమియముతో గుఱుతు పెట్టి, మందు పడినవాని దేహములోని కెక్కించి, వానికి ప్రైమాక్విన్ ఇచ్చిరి. ఎరువు తెచ్చుకొన్న కణములు మాత్రమే చితికిపోయినవి. పిమ్మట తిరుగవేసి, మందు పడినవాని కణములను పడనివానికి ఎక్కించిరి. అవి చెక్కుచెదరలేదు. దోషము కణములోనిదేయని తేలెను. 1956లో ఆ కణములలో లోపించినది గ్లూకోజు-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజనేజ్ అను ఎంజైమని కనిపెట్టిరి. ఎంజైమనగా దేహములో నొక పదార్థమును మఱియొకటిగ మార్చిపెట్టు పనివాడని చదువరులు తలపవచ్చును. ఈ పనివాడు లేనిచో ఎఱ్ఱకణము మందు తాకిడికి ఆగజాలదు.

మొదట దీనిని నల్లవారి రక్తదోషమని చెప్పుకొన్నారు. ఆ మాట యెంతోకాలము నిలువలేదు. గ్రీకులలోను, సార్డీనియా ద్వీపవాసులలోను, కుర్దుదేశపు యూదులలోను, మన దేశపు ప్రజలలోను అదే లోపము కనబడినది. మధ్యధరాప్రాంతమున ఒకజాతి చిక్కుడుగింజలు తిని కొందఱు పడకబట్టుటకును ఇదియే కారణము. మలేరియా తఱచుగ నుండిన సీమలలో ఈ లోపముగలవారు మలేరియాకు కొంత తట్టుకొనగలిగి యుండుటచే అది వంశములలో నిలిచినది. అనగా చర్మముయొక్క రంగుతో దానికి సంబంధము లేదు, దోమతో గలదు. ఈ ముక్క చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. ముందు దీనితో పని పడును. మన దేశమున ఒకజాతి మలేరియా తిరుగబెట్టకుండుటకు నేటికిని 14 దినములు ప్రైమాక్విన్ ఇచ్చుచున్నారు. ఈ లోపము తల్లినుండి కొడుకునకు దిగివచ్చును గనుక మగవారే యెక్కువగ బాధపడుదురు.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచినది మఱియొక మందును గుఱించి. దాని పేరు సక్సినైల్‌కోలిన్. మన వైద్యశాలలలో స్కోలిన్ అని వ్యవహరింతురు. శస్త్రచికిత్సకు ముందు మత్తువైద్యుడు రోగి గొంతులోనికి గొట్టము దింపవలసినపుడు కండరములు బిగుసుకొనియున్నచో పని సాగదు. ఈ మందు ఒక్క నిమిషములో కండరముల నన్నిటిని సడలించును. ఊపిరి తీయించు కండరములును సడలును గనుక, ఆ కొద్దిసేపు వైద్యుడే రోగికి ఊపిరి పోయుచుండును. అయిదు పది నిమిషములలో మందు బలము తీఱి రోగి తనంత ఊపిరి తీసికొనును. ఈ పదార్థమును 1906లోనే అమెరికాలో హంట్, టావో అను నిరువురు పరీక్షించిరి. కాని వారు తీసికొన్న జంతువులకు ముందే బాణపువిషమైన క్యురారె యెక్కించి కదలకుండ చేసియుండుటచే, ఈ మందు కండరములను కదలకుండ చేయునన్న ముఖ్యగుణము వారి కంటబడలేదు! నలువదియేండ్లకు పైగా అది మూలబడియుండెను. 1949లో ఇటలీలో డానియెల్ బోవె యా గుణమును బయటపెట్టెను. 1951 మొదలు ఐరోపాలో వాడుక కెక్కినది.

వాడుక కెక్కిన కొలదికాలమునకే చిక్కు వచ్చెను. నూఱుమందిలో గాదు, వేయిమందిలో గాదు, ఎచటనో యొక్కడు పదినిమిషములు గడచినను, గంట గడచినను ఊపిరి తీయడు. ఈ మందును నెత్తుటిలోనే విఱుగగొట్టు ఎంజైము వారిలో కొఱతపడుటయే కారణమని తెలిసినది. కాలేయమునుండి నెత్తుటిలోనికి వచ్చు దానిని బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అందురు. మేమిక యా యెంజైము అని మాత్రమే వ్రాసెదము. అది కొఱతపడుట కుటుంబములలో పరంపరగ వచ్చుచున్నదని 1956లో లేమన్, ర్యాన్ అనువారు చూపిరి.

కెనడాలోని టొరంటో నగరమున వెర్నర్ కాలో అను శాస్త్రజ్ఞుడు ఇంకను లోతునకు దిగెను. అందఱును ఎంజైము తక్కువైనదని చెప్పుచుండగా, తక్కువయగుట వేఱు, వేఱురకముదగుట వేఱు గదా యని యాతనికి తోచెను. డైబ్యుకేయిన్ అను మందు ఈ యెంజైము పనిని ఆపును. సామాన్యుల నెత్తుటిలో అది నూటికి ఎనుబది పాళ్లు పనిని ఆపుచుండగా, ఊపిరి తీయని రోగుల నెత్తుటిలో ఇరువదిపాళ్లే ఆపగలిగెను. కావున వీరి యెంజైము వేఱొక రూపము గలది. అటుపై కాలో రోగుల తల్లిదండ్రులను పిలిపించి పరీక్షించెను. వారి లెక్క అఱువదికి దగ్గఱగ నుండెను. ఎనుబదికిని ఇరువదికిని నడుమ! ఒక మంచి ప్రతియు ఒక చెడిన ప్రతియు మోయుచు తాము మాత్రము సుఖముగ బ్రదికినవారు ఒక చిన్న లెక్కలో దొరకిపోయిరి. 1957లో వెలువడిన ఈ పరిశోధనను మేము చదివినపుడు గారడ్‌ను బేట్సన్‌ను తలచుకొంటిమి. ఊహగ నుండినది కొలతకు దిగివచ్చెను.

అదే 1957లో ఆర్నో మోటుల్‌స్కీ ఈ చెదరిన సంగతుల నన్నిటిని ఒకచోట కూర్చి, మందులు పడకపోవుట పలుమాఱులు వంశగతమైన ఎంజైము భేదమేనని వ్రాసెను. ఈయన తూర్పు ప్రష్యాలో పుట్టిన యూదుడు. 1939లో కాందిశీకులతో బయలుదేఱి క్యూబాలోను అమెరికాలోను రేవునకు రానీయక త్రిప్పిపంపబడిన సెయింట్ లూయీ అను నోడలో పదునైదేండ్ల ప్రాయమున నున్నవాడు. వంశము పేర మనుష్యులను వధించిన కాలమునుండి బ్రదికి బయటపడినవాడే వంశమును మనుష్యరక్షణకై చదువవలెనని చెప్పుట మాకు గొప్పగ తోచినది. 1959లో జర్మనుడైన ఫ్రీడ్రిక్ ఫోగెల్ ఈ శాస్త్రమునకు ఫార్మకోజెనెటిక్స్ అని నామకరణము చేసెను. ఔషధజన్యుశాస్త్రమని మన మనుకొనవచ్చును.

మదరాసు నగరమునకును ఈ చరిత్రలో స్థానము గలదు. 1952లో క్షయకు ఐసోనియాజిడ్ అను మందు వచ్చెను. 1956లో మదరాసున స్థాపించిన క్షయచికిత్సాకేంద్రమువారు ఈ మందును కొందఱి దేహము వేగముగను కొందఱి దేహము మెల్లగను విఱుగగొట్టుటను జాగ్రత్తగ పరిశీలించిరి. ఎక్కువ మోతాదులో నిచ్చినపుడు మెల్లగ విఱుగగొట్టువారికే కాళ్లు చేతులు తిమ్మిరులెక్కి మంటలు పుట్టుచుండెను. బి6 విటమిను ఇచ్చినచో ఆ బాధ రాదు. వేగముగ విఱుగగొట్టువారికి తిమ్మిరులు లేవు గాని, వారమున కొక్కమాఱే మందిచ్చు పద్ధతిలో రోగము కుదురుట తక్కువ. ఒకనికి ఎక్కువైన మోతాదే యింకొకనికి చాలదు.

ఇట్లు ప్రయోగశాలలనుండి తెలిసిన సంగతులుండగా, ఇంటివారి నోటినుండి తెలిసిన సంగతి యొకటి గలదు. 1960 ప్రాంతమున ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి యొకడు కాలు విఱిగి వైద్యశాలకు వచ్చెను. విఱిగిన కాలిని గుఱించి వానికి చింత లేదు, మత్తుమందనగానే వణకిపోవుచుండెను. మా బంధువులలో పదిమంది మత్తుమందుతో పోయినారని చెప్పెను. ఇట్టి మాటలు విని నవ్వి త్రోసివేయు వైద్యు లన్నిదేశములలోను గలరు. అచటివారు అట్లు చేయక, ఆ చావులకు కారణమనుకొన్న ఈథరును విడిచి, క్రొత్తగ వచ్చిన హాలోథేన్ ఇచ్చిరి. కొలది నిమిషములలోనే రక్తపుపోటు పడిపోయి, నాడి పరుగెత్తి, దేహము కాలసాగెను. ముందే మెలకువతో నుండుటచే మత్తు నాపి, మంచుగడ్డలతో దేహమును చల్లార్చి వానిని బ్రదికించిరి. డెన్‌బరో, లొవెల్ అను వైద్యులు ఆ వంశమును వెదకి 1960లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. తల్లిదండ్రులలో నొక్కరికున్న చాలును, బిడ్డకు రాగల దోషమిది. వాని ప్రాణమును నిలిపినది వాడు నోరు తెఱచి చెప్పిన ఇంటిమాట.

ముందుగ తెలిసికొన్నచో ఆపద ఎంతవఱకు తప్పించవచ్చునో తైవాను ద్వీపమువారు చూపిరి. మూర్ఛకు వాడు కార్బమజెపిన్ అను మందుచే కొందఱికి ఒడలంతయు బొబ్బలెక్కి చర్మ మూడిపోవును. 2004లో ఇట్టి రోగులను 44 మందిని చూడగా అందఱిలోను ఒకే జన్యులక్షణము కనబడెను. తరువాత 4,877 మందికి మందు మొదలిడకముందే పరీక్షచేసి, ఆ లక్షణము గలవారికి వేఱుమందు ఇచ్చిరి. వారిలో నొక్కరికిని ఆ ఘోరవ్యాధి రాలేదని 2011లో వ్రాసిరి.

ఇపుడు మన యింటికి వత్తము. తెలుగుదేశమునను, తెలుగువారు వలసపోయిన తమిళసీమలోను నున్న వైశ్యకులమువారిలో, స్కోలిన్‌ను విఱుగగొట్టు నా యెంజైము బొత్తిగ లేనివారు ఇతరులలోకంటె ఎన్నోరెట్లు ఎక్కువగ నున్నారు. కాలో చూపినది రూపము మాఱిన యెంజైము. ఇది అసలే లేకపోవుట. కోయంబత్తూరులోని వైశ్యులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2006లో దీని మూలమును కనిపెట్టిరి. వందలకొలది కడియములను వరుసగ గ్రుచ్చిన గొలుసువంటి యా యెంజైములో 307వ కడియముగ ల్యూసిన్ ఉండవలసినచోట ప్రోలిన్ ఉన్నది. ఒక్క కడియము మాఱుటచే గొలుసంతయు పనికిరాకపోయినది. ఇట్టివారికి నిత్యజీవితమున ఏ బాధయు లేదు. తినుట, తిరుగుట, బిడ్డలను కనుట అందఱివలెనే. స్కోలిన్‌గాని, మివక్యూరియమ్‌గాని ఎక్కించిన దినముననే బయటపడును. అపుడు కొన్నిగంటలు ఊపిరియంత్రముమీద నుంచి, మత్తు తొలగకుండ కనిపెట్టియున్నచో రోగి తనంత లేచి కూర్చుండును. లేనిచో తెలివి వచ్చియు వ్రేలైన కదల్పలేక, నోట మాటరాక పడియుండవలసివచ్చును. తెలియని చోట, యంత్రము లేని చోట ఏమగునో వ్రాయనక్కఱలేదు.

ఇది వైశ్యులలో ఏల యెక్కువ? హైదరాబాదులోని సీసీయంబీ శాస్త్రజ్ఞుడు తంగరాజు గారును, అమెరికాలోని డేవిడ్ రైక్ గారును తమ తోడివారితో గూడి 2009లో ప్రకటించిన పరిశోధనలో దీనికి సమాధానము దొరకుచున్నది. నేడు లక్షలకొలది యున్న ఈ కులమువారు రెండు మూడు వేలయేండ్లక్రిందట నుండిన కొద్దిపాటి మూలకుటుంబముల సంతతి. అప్పటినుండి వెలుపలివారితో వియ్యములు దాదాపు లేవు. ఆ కొద్దిమందిలో నే యొక్కరి యొద్దనో యున్న చెడిన ప్రతి, వంశము పెరిగినకొలది తానును పెరిగినది. మేనరికము దీనికి తోడైనది. వైశ్యులు మేనమామ కూతును చేసికొనుటను ఎంత పట్టుగ పాటించిరో 1909లో వెలువడిన థర్‌స్టన్ గారి గ్రంథమున గలదు. కాని ఒకమాట. మేనరికము మానుకొన్నంత మాత్రమున ఈ చిక్కు తీఱునని మా సంస్కర్తలు కొందఱు తొందరపడి చెప్పుచున్నారు. గోత్రములు వేఱైనను, ఊళ్లు వేఱైనను, కులమంతయు నా కొద్దిమంది సంతతియే యైనపుడు దూరపు సంబంధమును కొంతవఱకు దగ్గఱ సంబంధమే. మేనరికము మానుట మంచిదే. కులము వెలుపల వియ్యము ఇంకను మంచిది. మేము దానిని కోరువారమే. అయితే రేపటి ఆపరేషనునకు అది పనికిరాదు గదా!

ఇతర కులములవారు దీనిని చదివి, ఇది కోమట్ల సంగతి, మనకేమి యని పుట త్రిప్పవలదని ప్రార్థన. అదే శాస్త్రజ్ఞులు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సముదాయములను పరీక్షించి, 81 సముదాయములలో ఇట్టి మూలకుటుంబముల సంకోచము మిక్కిలి గట్టిగ నున్నదని చూపిరి. వానిలో పదునాలుగు పదిలక్షలకు పైబడిన జనసంఖ్య గలవి. వైశ్యుల దోషమునకు పేరు దొరకినది; తక్కినవారిలో పెక్కింటికి ఇంకను దొరకలేదు, అంతియే భేదము. మత్తువైద్యులు కొందఱు రోగి వైశ్యుడని తెలిసినచో ముందే జాగ్రత్తపడుదురు. అది మంచి యలవాటే కాని పరీక్షకు బదులు కాదు. స్టేట్‌విల్‌లో చర్మము రంగును చూచి పొరబడినట్లే ఇంటిపేరును చూచియు పొరబడవచ్చును. వైశ్యులలో నెక్కువమందికి ఈ లోపము లేదు; వైశ్యులు కానివారిలో కొందఱికి గలదు. నెత్తురు తీసి యెంజైమును కొలుచుట చిన్నపని. లోపమున్నదని తెలిసినవానికి రోకురోనియమ్ అను వేఱొక మందిచ్చి, దాని బలమును సుగమ్మడెక్స్‌తో విఱుగగొట్టవచ్చును. ఆ మార్గమున ఈ యెంజైముతో పనిలేదు.

ఇంత సులభముగ తప్పించుకొనదగిన ఆపద ఏల తప్పుట లేదో మే మెఱిగిన యొక యింట చూచితిమి. మాతో గూడ పాఠశాలలో పనిచేయు మిత్రులొకరు వైశ్యులు. వారు పైచదువునకై వేఱొక యూర నుండగా వారి చెల్లెలికి అపెండిక్సు ఆపరేషను జరిగినది. కొంతసేపటికి మేలుకొనవలసిన పిల్ల నాలుగుగంటలు ఊపిరి తీయలేదు. మత్తువైద్యుడు ప్రక్కను వదలక యంత్రముతో ఊపిరి పోయుచు కూర్చుండెను. సాయంకాలమునకు ఆమె తేఱుకొన్నది. పిమ్మట ఆయన నెత్తురు పరీక్ష చేయించి, ఈమెకు ఏయే మందులు ఈయరాదో కాగితముమీద వ్రాసి, తోబుట్టువు లందఱు ఇదే పరీక్ష చేయించుకొనవలెనని తండ్రికి చెప్పి పంపెను. తండ్రి యా కాగితమును ఇనుపపెట్టె యడుగున బెట్టెను. పెండ్లి కావలసిన పిల్ల. ఈ మాట పొక్కినచో ఎవరు చేసికొందురని ఆయన భయము. కొడుకునకు గూడ చెప్పలేదు. పిల్లకు పెండ్లియైనది, అత్తవారికిని చెప్పలేదు. ఆయన యీ లోకమును విడిచిన రెండేండ్లకు మా మిత్రులకు హెర్నియా ఆపరేషను చేయవలసివచ్చెను. తల్లిదండ్రు లిద్దఱును చెడిన ప్రతి నొక్కొక్కటి మోయువారైనపుడు ప్రతిబిడ్డకును నాలుగింట ఒకపాలు ఈ లోపము రాదగును. వారికి ఆ సంగతి యేదియు తెలియదు.

ఆపరేషనునకు ముందునాటి సాయంకాలము మత్తు డాక్టరుగారు, ఒక యువతి, మంచమువద్దకు వచ్చి, "మీ యింట ఎవరికైనా మత్తుమందు పడకపోవడం జరిగిందా?" అని అడిగిరి. "లేదండీ" అని మా మిత్రులనిరి. మేమచటనే యుంటిమి. వారి తల్లిగారు కిటికీ ప్రక్కను ఫ్లాస్కు మూత బిగించుచు తల యెత్తలేదు. డాక్టరుగారు వ్రాసికొని వెడలిపోయిరి. ఒక నిమిషమైన గడువలేదు. ఆ ముసలమ్మ ఫ్లాస్కును అట్లే చేతబట్టుకొని వరండాలోనికి పరుగువంటి నడకతో పోయి, "అమ్మా, తల్లీ, ఒక్కమాట" అని పిలుచుట మాకు వినబడెను.

పరీక్షలో మా మిత్రులకును ఆ యెంజైము లేదని తేలినది. ఆపరేషను రెండునాళ్లు ఆపి, వేఱుమందుతో చేసిరి. అంతకంటె పెద్దపని తరువాత మిగిలెను. చెల్లెలు అప్పటికి ఏడవనెల గర్భవతి. కానుపు కష్టమై, నడిరాత్రి యే వైద్యశాలకో పరుగెత్తవలసివచ్చినచో స్కోలిన్ సీసాయే మొదట చేతికి వచ్చును. తల్లిగారు ఇనుపపెట్టె తెఱచి, ఆ కాగితమునకు ఏడు జిరాక్సు ప్రతులు తీయించి, ఒకటి కూతు అత్తగారి చేతిలో స్వయముగ బెట్టి యంతయు చెప్పిరి. అత్తగారు చాలసేపు మాటాడక, "ముందే చెప్పవలసింది వదినగారూ" అని మాత్రమనిరట. కానుపు సుఖముగ జరిగినది. తక్కిన ప్రతులను ఆమె తోడికోడండ్ర యిండ్లకును, చెల్లెండ్ర యిండ్లకును తీసికొనిపోయిరి. కొందఱు పరీక్ష చేయించుకొనిరి. ఒక యింట మాత్రము, "అక్కా, మా పిల్లకు సంబంధాలు చూస్తున్నాము, ఈ మాట ఇంకెక్కడా అనకు" అని కాగితమును తిరిగి యిచ్చివేసిరి. ఏడవ ప్రతి యింకను ఆమె యొద్దనే యున్నది.